చిన్న ఖర్చుతో ఘనమైన తావులు: కోరాపుట్, రాయగడ సీమలలో మన చిత్రీకరణ

మన వస్త్రములను గూర్చి పది నిమిషముల చిత్రమొకటి తీయవలెనని సంఘములో మాట వచ్చినపుడు, పట్నములో ఒకరు వేసి యిచ్చిన అంచనా చూచి మేము నివ్వెరపోతిమి. సగమునకు పైగా సొమ్ము తావుల పద్దు క్రిందనే యున్నది. అద్దెకొక పాత మేడ, అద్దెకొక తోట, అట్టలతో కట్టు మగ్గపు ఇల్లొకటి! మగ్గములున్న మనకు అట్టల మగ్గమెందుకని ఒకరడిగినారు. ఆ సొమ్ముతో ఎన్ని చిలపల నూలు వచ్చునో కోశాధికారి అక్కడికక్కడే లెక్క చెప్పినారు. సభలో ఎవరును నవ్వలేదు.

ఖరీదు లేని తావు మనకు కొత్తదా? తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి గంజిపెట్టినపుడు ఆ వీధికి అద్దె ఎవరిచ్చినారు? బండ్లు తిరుగక ముందు, ఎండ ముదరక ముందు, ఎదురింటివారి సమ్మతితో పని ముగించుకొనుట మన పెద్దలు నేర్పిన విద్యయే. ఆ విద్యను నమ్ముకొని నలుగురము ఒక సెల్‌ఫోను, ఒక ముక్కాలిపీట తీసికొని బయలుదేరితిమి.

కోరాపుట్, రాయగడలనే ఎంచుకొనుటకు కారణము కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయమును పోషించిన విక్రమదేవ వర్మగారు జయపురము ప్రభువులే. 1992లో కోరాపుట్ నుండి విడివడి జిల్లాయైన రాయగడలో నేటికిని బజారులో తెలుగు వినబడును. రాయగడ ప్రక్కన ప్రవహించు నాగావళి మన శ్రీకాకుళము మీదుగానే సముద్రమున కలియును. విజయనగరము, పార్వతీపురముల మీదుగా రైలులో రాయగడ చేరి, కొండల నడుమనుండి కోరాపుట్ పోయి, అరకు మీదుగా తిరిగి రావచ్చును. ఒక్క చుట్టులో నది, కొండ, సంత, మగ్గము అన్నియు దొరకును.

పెద్దవారి సంగతి వేరు. 2025 మార్చిలో రాజమౌళిగారు మహేశ్‌బాబుతో తీయు చిత్రమునకై కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండకు పెద్ద బలగముతో వచ్చిరి. 1,672 మీటర్ల ఎత్తుగల ఆ కొండ ఒడిశాలోకెల్ల ఉన్నతమైనది. చూడవచ్చిన జనము వేలు. అటుపిమ్మట కొండపై చెత్త మిగిలినదని పత్రికలు వ్రాసినవి. అది ఎవరు పారవేసినదో తేల్చుట మా పని కాదు గాని, మేము మాత్రము ఖాళీ సంచి యొకటి వెంట తీసికొనిపోతిమి.

అదే కొండను మేము నలుగురము డిసెంబరు ఉదయమున, సూర్యుడు పొడుచు వేళకు, ఒక చీర పట్టుకొని ఎక్కితిమి. లోయ నిండ మంచు పత్తి ఏకినట్లు పరచుకొనియున్నది. అరగంటలో కావలసినదంతయు తీసితిమి. పదిగంటలకు చూచిన ఆ కొండయే తెల్లగా వెలిసిన గుడ్డవలె నుండెను. తావును ఘనపరచునది వెలుతురు. దానికి అద్దె లేదు, చలిలో లేచు ఓపిక కావలెను. వాన కాలమున మాచ్‌ఖండ్ నదిపై 175 మీటర్ల దుడుమ జలపాతము మహోగ్రముగా నుండును. వేసవిలో ఆ శోభ ఉండదు. ఋతువు తప్పిన కష్టము సత్యజిత్ రాయ్‌గారంతవారికే తప్పలేదు. 1955లో విడుదలైన పథేర్ పాంచాలికై రెల్లుపూల పొలములో ఒకనాడు తీసి, వారము తరువాత మరల పోవుసరికి ఆ పూలను పశువులు మేసిపోయినవి. మిగిలిన దృశ్యమునకై మరుసటి పూతవరకు ఆగవలసి వచ్చినది. తొలి చిత్రము, చేతిలో సొమ్ము కొంచెము. అయినను పూలు లేని పొలమును తీయలేదు.

ఇంక మా పొరపాటు చెప్పుకొనవలెను. రాయగడ జిల్లా చాటికోనలో బుధవారపు సంతకు నియమగిరి కొండలనుండి డోంగ్రియా కోందులు దిగివత్తురు. వారి స్త్రీలు కప్పుకొను కప్డాగండా శాలువకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. డోంబులు నేసిన ముతక తెల్లగుడ్డపై ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారములతో చేయు సూదిపని అది. ఆ రంగులు చూచి ఒళ్ళు మరచిన మావాడొకడు అడుగకయే ఫోను ఎత్తినాడు. ఒక ముసలమ్మ వెంటనే శాలువ ముఖముపైకి లాగికొని వెనుదిరిగినది. మాకు తల తీసినట్లయినది. ఫోను దించి, దుబాసీతో క్షమాపణ చెప్పించి, తీయవచ్చునా అని అడిగించితిమి. వలదన్నది. ఆ సంత మా చిత్రములో లేదు.

అది ఆమె హక్కు. ఈ రెండు జిల్లాలు రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులోనివి. ఇచ్చట గ్రామసభ మాటకు బలము కలదు. బాక్సైటు గని విషయమున సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభలనే అడుగుమనగా, నియమగిరి యందలి పండ్రెండు సభలును వలదని తేల్చినవి. అంతటి కంపెనీకే కాదన్నవారిని మనము అడుగకుండ తీయవచ్చునా?

కోట్‌పాడ్‌లో మేము అట్లు చేయలేదు. జయపురము దాటి బొరిగుమ్మ మీదుగా జగదల్‌పూర్ పోవు త్రోవలో నున్న ఈ ఊరి మిర్గాన్ నేతగాండ్రు ఆల్ చెట్టు వేరుతో నూలుకు రంగు వేయుదురు. మన పెద్దలు తొగరు అన్న జాతిదే ఆ చెట్టు. పేడ, కట్టెల బూడిద, ఆముదము పట్టించి నూలును దినముల తరబడి సిద్ధపరచి, వేరు దంచిన పొడితో కాచగా మెరూను, ముదురు గోధుమ రంగులు వచ్చును. అద్దకము ఎక్కువగా స్త్రీలదే. పీత, చేప, శంఖము బుటాలుగా వేయుదురు. ఈ వస్త్రమునకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒడిశాలో అట్టి గుర్తింపు పొందిన మొదటి వస్తువిదే. ఇచ్చటి గోవర్ధన్ పానికాగారికి 2018లో పద్మశ్రీ లభించినది.

మొదటి దినమంతయు ఫోను సంచిలోనే యుంచితిమి. మగ్గము ప్రక్క కూర్చుండి నాడె, కండె, పన్నెలను గూర్చి మాట్లాడితిమి. సగము మాటలు తెలియకున్నను చేతుల భాష తెలిసినది. తీయుదుమన్నప్పుడు ఆ ఇంటి ఇల్లాలు అడిగిన ప్రశ్నలు రెండే. మగ్గమాపిన గంటలకు కూలి ఎవరిత్తురు? బుటా చూచి మరలు పెట్టి అచ్చు గుద్దువారికి మీరే దారి చూపుదురా? మొదటిదానికి జవాబు సులభము. మగ్గమాగిన గంట కూలి ఆగిన గంటయని మనకు వేరొకరు చెప్పవలెనా? అందరికి పూర్తి దినపు కూలి ముందే ఇచ్చితిమి. మా మొత్తము ఖర్చులో పెద్ద పద్దు అదియే. రెండవదానికి, తుది చిత్రము మొదట వారికే చూపి, వలదన్నది తీసివేయుదుమని మాట యిచ్చితిమి.

తరువాత ఆ ఇల్లే మాకు తావైనది. కప్పులోనుండి పడు ఎండకఱ్ఱ, గుంటలో ఆడు పాదములు, పెరటిలో ఆరవేసిన ఎర్రని నూలు! ఏ అట్టల ఇల్లు దీనికి సాటి? 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం చిత్రమును అదే పేటలో, ఎనుబదిమందికి పైగా స్థానికులతోనే తీసిరి. ఆ పద్ధతి నేతపేటకును చెల్లును.

పోదలచినవారికి మరికొన్ని మాటలు. రైల్వే ఆవరణలో వ్యాపార చిత్రీకరణకు ముందస్తు అనుమతి, రుసుము ఉన్నవి. కనుక మేము స్టేషనులోనికి పోక, దూరపు గట్టునుండి వంతెనపై పోవు రైలును తీసితిమి. అడవిలో తీయవలెనన్న అటవీ అధికారిని ముందుగా అడుగవలెను. డ్రోను 250 గ్రాముల లోపుదైన నడుపుటకు లైసెన్సు అక్కరలేదు గాని, ఎగురవేయదగిన చోటేదో ప్రభుత్వ పటములో చూడవలెను. సునాబేడలో విమానపు ఇంజన్ల కర్మాగారము కలదు. ఒడిశా ప్రభుత్వము 2019లో చలనచిత్ర విధానమును ప్రకటించినది. పెద్ద ప్రయత్నమైనచో అచ్చటి చలనచిత్రాభివృద్ధి సంస్థను విచారింపుడు. చిన్నవాటికి మొదట పోవలసినది గ్రామపెద్దల వద్దకు, పిమ్మట తహసీలుదారు వద్దకు.

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట చిత్రమును కోట్‌పాడ్ తీసికొనిపోయి ఆ ఇంటి గోడపై చూపితిమి. ఇరుగుపొరుగువారందరు వచ్చిరి. ఇల్లాలు ఒక్కచోట చేయి ఎత్తినది: వేరు పొడి ఎంత, నూలు ఎంత యని కొలత తెలియు భాగమది. మాకు మిక్కిలి నచ్చిన దృశ్యము కూడ అదే. తీసివేసితిమి. చిత్రమిపుడు తొమ్మిది నిమిషములు. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రదర్శింపబడును.