చేతిగడియారము చెప్పు రక్తపుపోటును నమ్మవచ్చునా?

ఇటీవల నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఒక క్రొత్త కానుక కానవచ్చుచున్నది. పట్నమున ఉద్యోగము చేయు కుమారుడు దసరాకు ఇంటికి వచ్చుచు, తల్లికి చీరతోపాటు చేతిగడియారమొకటి తెచ్చుచున్నాడు. అది వేళను చెప్పుటయే గాక నడచిన అడుగులను లెక్కించును, నాడిని చూపును, ఒక గుర్తును తాకినచో రక్తపుపోటును సైతము అంకెలలో చూపును. కుమారుని ప్రేమను మేము శంకింపము. ఆ అంకెను మాత్రము శంకింపవలసియున్నది. ఏలన, దానిని చూచి తల్లి “బీపీ తక్కువైంది, ఇగ గోలీలెందుకు?” అని మందు మానివేసినచో, ముద్దుగా తెచ్చిన వస్తువే ఆమె ప్రాణముమీదికి వచ్చును.

రక్తపుపోటు తనంతట తాను పలుకని జబ్బు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, తెలంగాణమున పదునైదేండ్లు నిండిన స్త్రీలలో నాలుగవ వంతునకు మించి పోటు హెచ్చినవారో, దానికి మందు పుచ్చుకొనువారో యున్నారు. అందనేకులకు ఏ బాధయు తోచదు. ఒకనాడు కాలుచేయి పడిపోయినప్పుడు గాని ఇంటివారికి సంగతి తెలియదు. కావున ఈ జబ్బున మనకు దిక్కు అంకె యొక్కటే. అదియు అబద్ధమైనచో ఇంకేమున్నది?

పోటును కొలుచుట యెట్లో మొదట చూతము. 1896లో రీవా-రోచి యను ఇటలీ వైద్యుడు దండచేతికి గాలిపట్టీ కట్టి, పాదరసపు స్తంభముతో కొలుచు పద్ధతిని వెల్లడించెను. 1905లో కొరోట్కొవ్ అను రష్యా వైద్యుడు పట్టీ దిగువ ధమనిపై చెవిగొట్టము నుంచి, గాలి వదలునపుడు వినవచ్చు చప్పుళ్లను బట్టి పై అంకెను, క్రింది అంకెను నిర్ణయించెను. నేటి బ్యాటరీ మిషనులు చప్పుడు వినవు, పట్టీలోని గాలి అదరుటను గ్రహించును. ఏదైనను రక్తనాళమును వెలుపలినుండి నొక్కియే కొలుచును. ఇది తక్కెడలో రాయి వేసి తూచుట వంటిది.

గడియారము నొక్కదు. దాని అడుగున చిన్న చిన్న పచ్చని దీపములున్నవి. ఆ వెలుతురు చర్మములోనికి పోయి, ప్రతి నాడిదెబ్బకును రక్తము హెచ్చి తగ్గుటను పసిగట్టి వచ్చును. ఆ అల ఆకారమును బట్టి పోటు ఇంత యుండవచ్చునని యది ఊహించును. సంతలో సొరకాయను చేత ఎత్తి చూచి “రెండు సేర్లుండును” అనువాని లెక్క యిది. చేయి తిరిగినవాడైనచో ఒకప్పుడు సరిగానే చెప్పవచ్చును, కాని తూచినట్లు కాదు. మేలైన రకములు మొదట దండచేతి మిషనుతో కొలిచిన అంకెను తమకు చెప్పుమనును. సామ్‌సంగ్ గడియారమునకు 28 దినములకొకమారు అట్లు సరిచూడవలెను. (మణికట్టు పట్టీలోనే గాలి నిండి నొక్కు గడియారమొకటి 2018లో అమెరికాలో అనుమతి పొందినది. దాని జాతి వేరు.)

కొలుచు మిషనులను పరీక్షించుట కొక కట్టుబాటు కలదు. 2018లో అమెరికా, ఐరోపా పండితులును అంతర్జాతీయ ప్రమాణసంస్థయు నేకమై, అందరికిని ఒకే నియమము నేర్పరచిరి. కనీసము 85 మంది కావలెను. అందు స్త్రీలు నూటికి 30కి తగ్గరాదు, పురుషులును అంతే. పోటు తక్కువవారును, మిక్కిలి హెచ్చినవారును అందుండవలెను. ఇద్దరు ఒకేమారు చెవిగొట్టములతో విని, ఒకరి అంకె ఒకరికి తెలియకుండ వ్రాసికొందురు. వారి అంకెలకును మిషను అంకెలకును సగటు భేదము 5 మిల్లీమీటర్లకును, ఆ భేదముల చెదురు 8కిని మించరాదు. అనగా సగటు సరిగానున్నను ఒక్కొక్కరి విషయమున పది, పండ్రెండు తేడా రావచ్చును. నెగ్గిన మిషను సంగతియే ఇట్లున్నది.

గడియారములకు ఈ పరీక్షయు చాలదు. ఉదయము మనము 150 అని చెప్పగా సాయంత్రము అది 148 అన్నచో, నిజముగా చూచి చెప్పినదో, చిలుకవలె మన మాటనే తిరిగి పలికినదో తెలియుటెట్లు? అందుచే 2023లో ఐరోపా రక్తపుపోటు సంఘమువారు పట్టీలేని పరికరములకు వేరు పరీక్షలు విధించిరి. చేయి ఎత్తి దించినపుడేమగును? నిద్రలో పోటు తగ్గుటను పట్టునా? సరిచూచు గడువు ముగియువేళకు ఎంత దారి తప్పును? మందు మొదలుపెట్టగా పోటు దిగినచో, గడియారపు అంకెయు దిగునా? ఈ కడపటి ప్రశ్నయే మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. గోలీ పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకే గదా మన మెవరమైనను పోటును చూచుకొనుట!

2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ, అనుమతి పొందని రక్తపుపోటు పరికరములను వాడవలదని ప్రజలను హెచ్చరించినది. అదే నెల అనుమతి పొందిన యాపిల్ గడియారపు ఏర్పాటు అంకెను చూపనే చూపదు. ముప్పది దినములు గమనించి, పోటున్నట్లు తోచినచో హెచ్చరించును, అంతే. అదియు ఆ సంస్థ పరీక్షలోనే పోటుగలవారు నూరుగురిలో ఇంచుమించు నలుబదిమందినే పట్టినది. గడియారము ఊరకున్నది గనుక పోటు లేదనుకొనరాదు.

ఇంట గడియారమున్న సోదరీమణులు దానిని ఇట్లు సరిచూడవచ్చును. పరీక్షలో నెగ్గిన దండచేతి మిషనొకటి కావలెను. అట్టివాని పట్టికను స్ట్రైడ్ బీపీ అను సంస్థ ప్రకటించుచున్నది. చాయ త్రాగి అరగంటయైనను గడువవలెను. మూత్రవిసర్జన చేసి, వీపునకు ఆనుకొని కుర్చీలో అయిదు నిమిషములు మాటలాడక కూర్చుండవలెను. పాదములు నేలనాని, చేయి గుండె ఎత్తున ఉండవలెను. నిమిషము ఎడముగా రెండుమార్లు మిషనుతో కొలిచి, వెంటనే గడియారమును చూడవలెను. ఇట్లు వారము దినములు, ఉదయము సాయంత్రము, అంకెలను ఒక కాగితముపై వ్రాయవలెను. గడియారమును సరిచేసిన మరునాడు గాక, గడువు ముగియబోవు వారమున చూచుట మేలు. తేడా మాటిమాటికి పదికి మించుచున్నచో దానిని వేళ చూచుకొనుటకు వాడుకొనవచ్చును. ఇంటి మిషనులో సగటు 135/85 గాని అంతకు మించి గాని యున్నచో కాగితమును వైద్యునికి చూపవలెను. గోలీ తగ్గించుటయు మానుటయు వైద్యుడు చెప్పవలసిన మాటలు.

మన ప్రాంతపు చేతులను గూర్చియు కొంత చెప్పవలెను. పెద్దవారి మణికట్టుమీది పచ్చబొట్టు గడియారపు వెలుతురును అడ్డగించును. గాజుల దొంతరవలన పట్టీ వదులై జారును. పత్తి ఏరి ఎండలోనుండి వచ్చిన వెంటనే ఏ పరికరముతోనైనను కొలువరాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరోసిస్ వలన మోచేయి చాపలేనివారున్నారు. వారి చేయిని బలవంతముగా చాపక, దిండుమీద గుండె ఎత్తున నిలుపవలెను. ఇక బక్కచేతులు: 2023లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో, చిన్న పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ కట్టగా పై అంకె సుమారు 3.6 తక్కువగా వచ్చినది. మిక్కిలి లావు చేతులకు అదే పట్టీ కట్టగా 19.5 ఎక్కువ చూపినది.

గర్భిణులు గడియారపు అంకెను ఏమాత్రమును నమ్మరాదు. పట్టీ మిషనులకు సైతము గర్భిణులయందు వేరుగా పరీక్ష కావలెనని నియమము. అయిదవ నెల దాటిన పిమ్మట తలనొప్పి తగ్గకున్నను, చూపు మసకబారినను, ప్రక్కటెముకల క్రింద నొప్పి పుట్టినను, మొగము ఉబ్బినను, గడియారమేమి చూపినను ఆనాడే దవాఖానకు పోవలెను. నెలనెలా పల్లె దవాఖానలో పోటు చూపించుకొనునపుడు, చేయి సన్నముగా నున్నవారు చిన్న పట్టీ కట్టుమని అడుగవలెను.