మధుమేహము – ఆయురారోగ్యములు

మా ఆరోగ్య ప్రసంగములు విని శ్రోతలు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న తరచుగా కనిపించుచుండును: "మా నాన్నగారికి మధుమేహమున్నదని వైద్యులు చెప్పినారు. ఇక ఆయన ఎన్నేండ్లు బ్రతుకుదురు?" దీనికి దాటవేత సమాధానము చెప్పుట మాకు సమ్మతము కాదు. అయితే ఈ ప్రశ్న సగమే. మన పెద్దలు దీవించునపుడు ఆయువును, ఆరోగ్యమును జంటగానే కోరుదురు. ఎన్నేండ్లని అడుగువారు, అందులో కన్ను కనబడుచు, కాలు ఆడుచు గడచు ఏండ్లెన్ని అనియు అడుగవలెను.

ఇన్సులిను రాక పూర్వము, బాల్యమున వచ్చు మధుమేహము కొద్దికాలములోనే ప్రాణము తీయుచుండెను. 1922 జనవరిలో టొరాంటో నగరమున లియొనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునకు ఆ మందును తొలిసారి సూదిద్వారా ఇచ్చిరి. అతడు మరి 13 ఏండ్లు జీవించెను. మన యిండ్లలో ఎక్కువగా కానవచ్చునది ఆ రకము కాదు. నడివయస్సున చడిచప్పుడు లేక ప్రవేశించు రెండవ రకము. ఇది చక్రవడ్డీ అప్పు వంటిది. నెత్తురులో మితిమీరిన చక్కెర రక్తనాళముల లోపలి పొరను ఏండ్ల తరబడి చెరచును. సన్నని నాళములు చెడినచో కంటిలోని తెర, మూత్రపిండములు, పాదముల నరములు దెబ్బతినును. పెద్ద నాళములు పూడినచో గుండెపోటు, పక్షవాతము వచ్చును. రక్తపుపోటు, కొలెస్టరాలు తోడైనచో వడ్డీ మరింత త్వరగా పెరుగును. నొప్పి లేదు గనుక రోగి చాలకాలము తనకేమియు లేదనుకొనును.

ఈ అప్పు ఏ వయస్సున మొదలైనదను దానిని బట్టి నష్టముండును. 19 సంపన్న దేశములలో పదునైదు లక్షల మంది వివరములు పరిశీలించి 2023లో ప్రకటించిన లెక్కలున్నవి. అమెరికాలోని మరణముల రేటును బట్టి చూడగా, 30వ ఏట మధుమేహము బయటపడినవారు అది లేనివారికంటె సగటున 14 ఏండ్లు ముందుగా మరణించుచున్నారు. 40వ ఏట బయటపడినచో 10 ఏండ్లు, 50వ ఏట అయినచో 6 ఏండ్లు. ఇవి సగటులే గాని ఏ ఒక్కరి జాతకమును కావు. మన దేశపు లెక్కలును కావు. కాని ఐరోపావారికంటె మనవారికి ఈ వ్యాధి దాదాపు పదేండ్లు ముందుగా వచ్చుచున్నదని తలచినపుడు కలవరపడక తప్పదు. దేశములో 10.1 కోట్ల మందికి మధుమేహమున్నదని భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన 2023లో అంచనా కట్టినది.

పోయిన ఏండ్లను తిరిగి రాబట్టవచ్చునా? డెన్మార్కు దేశమున స్టెనో కేంద్రమువారు 1993లో 160 మంది రోగులను తీసికొనిరి. అందరికిని అప్పటికే మూత్రములో ఆల్బుమిను పోవుచుండెను. అనగా మూత్రపిండములు చెడుట ఆరంభమైనది. సగము మందికి నాటి సాధారణ చికిత్సయే సాగినది. తక్కిన సగమునకు చక్కెర, రక్తపుపోటు, కొలెస్టరాలు మూడింటిని ఒక్కమారే అదుపుచేయు మందులిచ్చి, ఆహారము, వ్యాయామము సరిదిద్ది, పొగాకు మానుమనిరి. ఇట్లు 8 ఏండ్లకు కొంచెము తక్కువగా జరిగెను. ఆ పిమ్మట ఇరువర్గములకు ఒకే తీరు చికిత్స. పరిశోధన మొదలై 21 ఏండ్లు గడచుసరికి సాధారణ వర్గమున 55 మంది, రెండవ వర్గమున 38 మంది మరణించిరి. రెండవ వర్గమువారి ఆయువు దాదాపు 8 ఏండ్లు పెరిగినది. మాకు ఇంతకంటె విలువైనదిగా తోచిన విషయము మరొకటి: వారికి గుండెజబ్బో, పక్షవాతమో తొలిసారి వచ్చుటయు సుమారు 8 ఏండ్లు వెనుకకు జరిగినది. కలిసివచ్చిన కాలము మంచముపై గడచినది కాదన్నమాట.

ఆ ఫలితము చక్కెర నొక్కదానినే తగ్గించుటవలన వచ్చినది కాదని గమనింపవలెను. "షుగరు" అను పేరే మనలను ప్రక్కదారి పట్టించుచున్నదేమో! కాఫీలో చక్కెర మానివేసి, మరపట్టిన తెల్లని బియ్యపన్నము మాత్రము మారు వడ్డించుకొనువారు ఎందరు లేరు? ఆ అన్నమును కడుపులో చక్కెరగానే మారును. రక్తపుపోటు సంగతి అసలే తలపునకు రాదు.

ఏడాదికొకమారు కంటి లోపలి తెరను, మూత్రములోని ఆల్బుమినును పరీక్ష చేయించుకొనుట అవసరము. చూపు మందగించువరకు, కాళ్లు వాచువరకు ఆగినచో ఆలస్యమగును. పాదముల సంగతి ఇంటివారు చూడదగినది. స్పర్శ తగ్గినవారికి ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరిసి పుండైనను తెలియదు. ఆ పుండు ముదిరి వ్రేళ్లు, ఒక్కొకప్పుడు కాలే తీసివేయవలసి వచ్చును. వయస్సు మళ్లినవారు వంగి తమ అరికాళ్లు చూచుకొనలేరు. రాత్రి వారు పండుకొనుటకు ముందు ఇంటిలో మరియొకరు మంచి వెలుతురున రెండు పాదములును, వ్రేళ్ల సందులును చూచిన చాలును.