జ్వరం వచ్చినప్పుడు షుగరు మందు మానవచ్చా?



వానలు పడగానే మా వార్డులు వైరల్ జ్వరాలతో నిండుతాయి. ఆ రోజుల్లో షుగరు వ్యాధి ఉన్నవారిని తీసుకొచ్చే ఇంటివారు మాతో తరచుగా అనే మాట ఒకటుంది. "రెండు రోజుల నుండి అన్నమే ముట్టలేదు సిస్టరమ్మా, ఇంక షుగరు ఎక్కడిదని సూది ఆపేశాం." ప్రేమతో చేసిన పనే. కాని వేలు గుచ్చి చూస్తే ఒక్కోసారి 400 దాటి ఉంటుంది.

తిండి లేకుండా షుగరు ఎలా పెరిగింది? మన కాలేయం ఒక గాదె వంటిది. అందులో చక్కెర నిల్వ ఉంటుంది. జ్వరం రాగానే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. అవి గాదె తలుపు తెరిచి చక్కెరను రక్తంలోకి వదులుతాయి, పైగా ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ఆరోగ్యవంతులలో అయితే మరికొంత ఇన్సులిన్ తయారై సర్దుకుంటుంది. షుగరు వ్యాధిగ్రస్తులకు ఆ శక్తి చాలదు. కనుక పస్తున్నా పెరుగుతుంది.

పెరిగిన చక్కెర ఊరకే ఉండదు. మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. అందువల్ల నాలుగు రోజుల్లో తగ్గవలసిన ఫ్లూ జ్వరం వెనుక న్యుమోనియా వచ్చి పడుతుంది. ఇన్సులిన్ బొత్తిగా చాలనప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో చేరతాయి. ఇది ప్రాణం మీదకు వచ్చే స్థితి. స్థూలకాయం కూడా ఇటువంటి చిక్కే. పెద్ద పొట్ట ఊపిరితిత్తులను పూర్తిగా విచ్చుకోనివ్వదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు లావుగా ఉన్నవారికి జబ్బు ముదరడం ఎక్కువని వైద్యులు గమనించారు.

కోవిడ్ కాలం మీకు గుర్తుండే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో చైనా ఆరోగ్యశాఖవారు 44,672 మంది రోగుల వివరాలు ప్రకటించారు. మొత్తం మీద నూటికి 2.3 మంది చనిపోగా, షుగరు వ్యాధి ఉన్నవారిలో నూటికి 7.3 మంది చనిపోయారు. వారిలో పెద్ద వయసువారు ఎక్కువన్నది కూడా ఒక కారణమే, అంతా షుగరు మీదికే నెట్టలేము. కాని 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ ఎవరిని పట్టుకుందో చూశాము. షుగరు అదుపులో లేనివారు, అందులోనూ స్టెరాయిడ్లు వాడినవారే ఎక్కువ. స్టెరాయిడ్ ప్రాణం కాపాడే మందే, అయితే షుగరును బాగా పెంచుతుంది. డాక్టరుగారు రాయకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదది.

డెంగ్యూ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. "ప్లేట్‌లెట్లు పెరగాలి" అని బత్తాయి రసం, గ్లూకోజు పొడి, తీపి బిస్కెట్లు గంట గంటకు ఇస్తారు. పరామర్శకు వచ్చిన బంధువు ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక గ్లూకోజు డబ్బా! డెంగ్యూకు ద్రవాలు చాలా అవసరం, నిజమే. కాని షుగరు ఉన్నవారికి పలుచని మజ్జిగ, పంచదార వేయని రాగిజావ, మంచినీళ్లు ఇవ్వండి. వాంతులు, విరేచనాలు ఉంటే ఓ.ఆర్.ఎస్. ఇవ్వవచ్చు. కిడ్నీ, గుండె జబ్బులున్నవారు ఎన్ని నీళ్లు తాగాలో ముందు అడగాలి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి బిళ్లలు డెంగ్యూలో రక్తస్రావం తెస్తాయి. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం తామంతట ఆపక వెంటనే డాక్టరుగారిని అడగాలి.

ఇంతకీ మందు సంగతి. ఇన్సులిన్‌ను మీ అంతట మీరు ఆపకండి. జ్వరంలో మోతాదు ఒక్కోసారి పెంచవలసి వస్తుంది కూడా. మాత్రల సంగతి వేరు. ఏమీ తినకుండా గ్లిమెపిరైడ్ వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. వాంతులై నీరసించినవారికి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి డాక్టరుగారు కొన్నాళ్లు ఆపమనవచ్చు. అందుకే జ్వరం వచ్చిన మొదటి రోజే ఫోను చేసి అడగండి. ఇంట్లో మిషను ఉంటే నాలుగు గంటలకొకసారి చూసి కాగితం మీద రాయండి. 70 కంటె తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. ఆ గ్లూకోజు డబ్బా పనికొచ్చేది అప్పుడే. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, ఆస్పత్రికి తీసుకురండి.

మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు ఉన్న దినాల్లో జ్వరంతోనే ఉపవాసం కొనసాగించే తల్లులను చూస్తుంటాము. షుగరు మందులు వాడేవారు జ్వరంలో ఉపవాసం ఉండవద్దు. పాస్టరుగారితో చెప్పండి, ఆయన కాదనరు.

రెండుసార్లు చూసినా 300 పైన ఉంటే, వాంతులు ఆగకపోతే, కడుపునొప్పి, ఆయాసం, మగత, నోటి నుండి పండిన పండు వాసన వస్తే తెల్లవారే వరకు ఆగవద్దు. డెంగ్యూలో జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులు కూడా జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. వచ్చేటప్పుడు మందుల చీటీ, వాడుతున్న మాత్రల అట్టలు, ఆఖరి సూది ఎన్ని గంటలకు వేశారో రాసిన కాగితం వెంట తీసుకురండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో "ఆ తెల్లమాత్ర, చిన్నది" అని చెబితే ఏ మాత్రో పోల్చుకోవడం మాకు కష్టం.