అమ్మ సకినాల కొలతకి మూడు కంప్యూటర్లు

ఒక కంప్యూటర్‌లో దాచింది ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోక మీరెప్పుడైనా తల పట్టుకున్నారా? మా ఇంట్లో ఈ మధ్య అదే జరిగింది. ఆదిలాబాద్‌లో మా తమ్ముడి దగ్గర పాత విండోస్ ఎక్స్‌పీ డబ్బా ఉంది. కరీంనగర్‌లో మా వారిది విండోస్ 11. మా అమ్మాయి చేతిలోనేమో యాపిల్ వాళ్ళ మ్యాక్ ల్యాప్‌టాప్. మూడూ కంప్యూటర్లే, కానీ ఒకదానికొకటి పొసగదు!

సంగతేమిటంటే, 2004లో మా అమ్మ చెప్తూ ఉంటే తమ్ముడు తన డీటీపీ సెంటర్‌లో కూర్చుని అన్నీ టైపు చేశాడు. సకినాలు, సర్వపిండి, గారెల కొలతలు, తను పాడే బతుకమ్మ పాటలు... అమ్మ రాసుకున్న నోటుబుక్కుని తర్వాత చెదలు తినేశాయి. అమ్మ కూడా వెళ్ళిపోయింది. ఫ్లెక్సీలొచ్చాక డీటీపీ సెంటరూ మూతపడింది. మిగిలింది ఆ డబ్బా ఒక్కటే. అదీ ఆన్ చేస్తే గుర్రుమంటూ ఉంటుంది. "అక్కా, ఇది ఇంకెన్నాళ్ళుంటదో చెప్పలేను, జెల్ది తీస్కపో" అన్నాడు తమ్ముడు.

అమ్మాయి పెన్‌డ్రైవ్ సంచీలో వేసుకుని నిర్మల్ మీదుగా బస్సెక్కాను. తీరా ఆ డబ్బాకి పెడితే, "ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటారా?" అని ఇంగ్లీషులో అడిగింది. తమ్ముడు టీ తేవడానికి లోపలికెళ్ళాడు. నేను పెద్ద తెలిసినదానిలా 'ఎస్' నొక్కేశాను! అందులో ఉన్న మా అమ్మాయి కాలేజీ ఫోటోలన్నీ పోయాయి. కొన్ని దాని ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కానీ, వీడ్కోలు రోజువి అందులో మాత్రమే ఉన్నాయట. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు పాపం.

అప్పుడు తెలిసింది నాకు అసలు విషయం. పెన్‌డ్రైవ్‌లోపల సరుకు సర్దే పద్ధతులు కొన్ని ఉన్నాయి. అమ్మాయి తన మ్యాక్‌లో యాపిల్ పద్ధతిలో సర్దుకుంది. అది విండోస్‌కి అర్థం కాదు. అర్థం కానిదాన్ని ఖాళీ అనుకుని, తోమి బోర్లించనా అని అడుగుతుంది. ఫార్మాట్ అంటే అదే! కాబట్టి ఆ ప్రశ్న వస్తే 'నో' నొక్కి, పెన్‌డ్రైవ్‌ని బయటికి తీసెయ్యండి. లోపలున్నది భద్రంగానే ఉంటుంది.

విండోస్‌లో ఎక్కువగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని మ్యాక్ చదువుతుంది గానీ, మామూలుగా అందులో కొత్తగా ఏమీ రాయనివ్వదు. ఎక్స్‌ఫ్యాట్ అనేది కొత్త విండోస్‌కీ, 2010 తర్వాతి మ్యాక్‌లకీ కూడా సరిపోతుంది. కానీ మా తమ్ముడి ఎక్స్‌పీకి విడిగా ఒక అతుకు వేస్తే తప్ప అది తెలీదు. ముగ్గురికీ కుదిరేది పాత ఫ్యాట్32 ఒక్కటే. ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదన్న ఇబ్బంది దానికుంది. పెళ్ళి వీడియోలకి అది చాలకపోవచ్చు, అమ్మ వంటలకి ఎంత కావాలి చెప్పండి! ఆదిలాబాద్‌లోనే 16 జీబీ కొత్త పెన్‌డ్రైవ్ కొని, ముందే ఫ్యాట్32 చేసి వాడాం.

ఈమెయిల్ చేసుకోవచ్చుగా అంటారేమో. 2014 ఏప్రిల్ తర్వాత మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి రక్షణ మరమ్మతులు ఆపేసింది. అందుకే తమ్ముడు ఆ డబ్బాని నెట్‌కి కలపడు. నేనూ ఇంటికొచ్చాక వైరస్ పరీక్ష చేశాకే పెన్‌డ్రైవ్ తెరిచాను.

తెరిస్తే ఏముంది? తెలుగు ఒక్క ముక్క లేదు! ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. ఏడుపొచ్చింది. తమ్ముడికి ఫోన్ చేస్తే నవ్వాడు. "ఫైలు మంచిగనే ఉందక్కా, నీ దగ్గర అను ఫాంటు లేదు" అన్నాడు.

ఆ రోజుల్లో డీటీపీ వాళ్ళు వాడిన అను లాంటి ఫాంట్లలో, కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగు అక్షరాలకి సొంత అంకెలుంటాయి. 1991లోనే అందులో తెలుగుకి చోటిచ్చారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటూ ఉంది. కానీ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు కుదరక డీటీపీ వాళ్ళు పాత ఫాంట్లతోనే నడిపారు.

పేజ్‌మేకర్ ఫైలు పేజ్‌మేకర్ లేనిచోట తెరుచుకోదు. అందుకని తమ్ముడు ముందే అక్షరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్లోకి తీసిపెట్టాడు, తన పాత ప్రింటర్ మీద కాగితాలు కూడా తీసిచ్చాడు. ఆ కాగితాలే నన్ను కాపాడాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలు నెట్‌లో దొరుకుతాయి. అనులోనే 6, 7 అని రకాలున్నాయి, మనదేదో చూసి ఎంచుకోవాలి. మార్చాక కూడా ఒత్తులు అక్కడక్కడా పక్క అక్షరం కిందికి జారాయి. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కాగితం ఒక చేత్తో పట్టుకుని దిద్దుకున్నాను. మూడు వారాలు పట్టింది. అమ్మ "సోలెడు నువ్వులు" అన్నచోట, "వాము నలిపి వెయ్యి బిడ్డా" అన్నచోట మటుకు చెయ్యి ఆగిపోయేది.

దిద్దిన ఫైలు మళ్ళీ అదే పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మాయికిచ్చాను. మ్యాక్‌లో చక్కగా తెలుగులోనే తెరుచుకుంది. ఫాంటు గొడవే లేకుండా పీడీఎఫ్ కూడా ఒకటి చేసుకుంది. తమ్ముడి డబ్బాని మాత్రం పాతసామాన్ల వాడికి ఇంకా ఇవ్వనివ్వలేదు. పాటల్లో సగం దిద్దాల్సినవి ఉన్నాయి, బతుకమ్మ పండుగలోపు అవ్వాలి. మా అమ్మాయి సకినాలు చుట్టింది గానీ, నూనెలో వెయ్యగానే విరిగిపోయాయి. "సోలెడంటే ఎన్ని గ్రాములమ్మా?" అని ఫోన్‌లో అడిగింది. అమ్మ వాడిన సోల మా తమ్ముడి భార్య దగ్గరే ఉంది, కొలిచి చెప్పమన్నాను.