కుదుపు నణచిన నేర్పు

ఎద్దుబండిలో ప్రయాణము చేయువారికి బాట యెట్టిదో కన్నులతో చూడనక్కరలేదు. చక్రము రాతిమీద కెక్కినప్పుడు ఆ దెబ్బ ఇనుప పట్టానుండి ఆకులకు, ఆకులనుండి ఇరుసునకు, ఇరుసునుండి బండి చట్రమునకు, అచ్చటినుండి ప్రయాణికుని వెన్నెముకకు ఏ యాటంకమును లేక వచ్చి చేరును. బండిలో ఎండుగడ్డి మందముగా పరచి, దానిపై గోనెపట్టా వేసికొని కూర్చుండుట మన పెద్దలెరిగిన ఉపాయము. ఎద్దు నడక మెల్లనిది గనుక ఆ ఉపాయము చాలెను. వాహనముల వేగము పెరిగినకొలది అది చాలదయ్యెను. మెల్లగా పోవు బండిలో నడుమునొప్పి మాత్రమే కలిగించు గతుకు, గంటకు అరువది కిలోమీటర్ల వేగముతో పోవు బస్సునకు ప్రాణాపాయమునే తేగలదు. ఆ యపాయమును మానవుడు ఎట్లు తప్పించుకొనుచు వచ్చెనో తెలిసికొందము.

మొదటి ఉపాయము స్ప్రింగు. పలుచని ఉక్కు పట్టీలను కొంచెము వంచి, ఒకదానిపై నొకటి పేర్చి బిగించినచో, ఆ కట్ట బరువు పడినప్పుడు విల్లువలె వంగి, బరువు తొలగగానే మరల తన రూపమును పొందును. దీనిని మనవారు కమాను అందురు. 1804 ప్రాంతమున ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ అనునతడు ఇట్టి కమానులను రెండింటిని ఎదురెదురుగా చేర్చి, వానిపై గుఱ్ఱపుబండిని నిలిపెను. మన పట్టణములలో ఒకప్పుడు తిరిగిన జట్కాబండ్ల క్రిందను కమానులు ఉండెడివి. నేటికిని లారీల వెనుక చక్రములయొద్ద వంగి చూచినచో ఈ పట్టీల కట్టలు కానవచ్చును. పిమ్మట 1888 ప్రాంతమున బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా ఉండిన డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలుకొరకు గాలి నింపిన రబ్బరు టైరును తయారుచేసెను. చిన్న చిన్న రాళ్ల దెబ్బలను గాలియే మ్రింగివేసెను.

ఇంతటితో చిక్కు తీరినదని తోచవచ్చును. కాని స్ప్రింగునందు ఒక దోషము కలదు. అది తాను పుచ్చుకొన్న శక్తిని ఉంచుకొనదు, తిరిగి యిచ్చివేయును. ఉయ్యాలను ఒకమారు త్రోసి విడిచినచో అది వెంటనే నిలువక, ముందునకును వెనుకకును ఎన్నియో మారులు ఊగును గదా! చక్రము గతుకులో దిగినప్పుడు అణగిన స్ప్రింగు కూడ అట్లే బండిని పైకెత్తును. పైకి లేచిన బండి తన బరువుచేత మరల క్రిందికి దిగును. ఇట్లు గతుకు దాటిపోయినను ఊపు దాటిపోదు. ఆ ఊపు చల్లారకముందే రెండవ గతుకు, దానివెంట మూడవ గతుకు సరిగా అదే తాళములో వచ్చినచో, ఉయ్యాలను ప్రతి ఊపునకు త్రోసినట్లే, ఊగుట అంతకంతకు హెచ్చును.

నిజమునకు వాహనమునందు రెండు విధములైన ఊపులు కలవు. స్ప్రింగులపై నిలిచిన బండి దేహము బరువైనది. అది సామాన్యముగా సెకనునకు ఒకటి రెండు మారులు మాత్రమే ఊగును. మనకు బాగుగా తెలియునది ఈ మెల్లని ఊపే. బరువైన దేహమునకును రోడ్డునకును నడుమ ఇరుకుకొనియున్న చక్రము తేలికయైనది. అది సెకనునకు సుమారు పదిమారులు ఎగిరిపడును. కూర్చున్నవారికి ఇది అంతగా తెలియదు. కాని ఎక్కువ అపాయకరమైనది ఇదియే. ఎందువలన ననగా, బ్రేకు వేసినప్పుడు బండిని ఆపునది టైరునకును రోడ్డునకును గల ఘర్షణము. చక్రము త్రిప్పినప్పుడు బండిని మలుపునకు మరల్చునదియు ఆ ఘర్షణమే. టైరు రోడ్డును తాకు చోటు అరచేతికంటె ఎంతో పెద్దది కాదు. చక్రము గాలిలోనికి ఎగిరిన క్షణమున ఆ అరచేతంత ఆధారము కూడ లేదు. అప్పుడు బ్రేకును పనిచేయదు, చుక్కానియు పనిచేయదు. కావున కుదుపు నణచుట సుఖముకొరకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకొరకు.

స్ప్రింగు తిరిగి యిచ్చు శక్తిని మధ్యలో పట్టి, హరింపజేయు సాధనము కావలసివచ్చెను. దానినే షాక్ అబ్జార్బరు అందుము. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో త్రుఫో అను ఫ్రెంచివాడును, హార్ట్‌ఫర్డు అను అమెరికావాసియు ప్రచారములోనికి తెచ్చిన సాధనమున కత్తెరవలె కదలు రెండు చేతులు, వాని కీలునొద్ద గట్టిగా బిగించిన బిళ్లలు ఉండెడివి. చక్రము లేచి దిగినప్పుడు బిళ్లలు ఒకదానితో నొకటి రాచుకొని, ఆ ఘర్షణముచేత ఊపును తగ్గించెడివి. కాని ఘర్షణమునకు ఒక స్వభావము కలదు. చిన్న కదలికకును పెద్ద కదలికకును అది ఇంచుమించు ఒకే విధముగా అడ్డుపడును. అందుచేత చిన్న గతుకులకు బిళ్లలు కదలక, స్ప్రింగు లేనట్లే బండి కుదిపెడిది; పెద్ద గతుకులకు వాని బలము చాలకపోయెడిది.

ద్రవపదార్థము ఈ కొరతను తీర్చెను. మొలలోతు నీటిలో మెల్లగా నడచినచో నీరు మనలను అంతగా అడ్డదు. పరుగెత్త జూచినచో ఎవరో పట్టి వెనుకకు లాగునట్లు తోచును. వేగము హెచ్చినకొలది ద్రవము యొక్క అడ్డగింపును హెచ్చును. ఈ ధర్మమే షాక్ అబ్జార్బరునకు ప్రాణము. మీరు చిమ్మనగ్రోవితో ఆడియుందురు. దాని కఱ్ఱను నెమ్మదిగా నెట్టినచో నీరు సులభముగా వెడలును. ఒక్కసారి గట్టిగా నెట్టినచో చేతికి ఎదురుపడును. అట్టి గొట్టమునందు నూనె నింపి, రెండు కొనలను మూసి, లోపలి పిస్టనునకు సన్నని రంధ్రములు చేసినట్లు ఊహింపుడు. పిస్టను కమ్మిని బండి చట్రమునకును, గొట్టమును ఇరుసునకును తగిలించినచో, చక్రము ఎగిరినప్పుడెల్ల నూనె ఆ రంధ్రములగుండ దూరి పోవలసియుండును. ఊపునందలి శక్తి నూనెను వేడిచేయుటలో ఖర్చగును. గతుకుల బాటపై చాల దూరము పోయిన బండి షాక్ అబ్జార్బరును ముట్టి చూచినచో వెచ్చగా నుండుటకు కారణ మిదియే. ఫ్రాన్సు దేశీయుడైన హుదాయ్ ఇట్టి ద్రవ సాధనమును నిర్మించిన తొలివారిలో ఒకడు. ఆతని పద్ధతి సాధనములు 1927 చివరను వెలువడిన ఫోర్డు ‘మోడల్ ఎ’ కార్లకు అమర్పబడి, సామాన్య జనులకును అందుబాటులోనికి వచ్చెను.

ఫ్రాన్సు దేశమునందే ఈ విద్య మరియొక మెట్టు ఎక్కెను. సిత్రోయెన్ కంపెనీకి అధిపతియైన బులాంజే రైతులకొరకు ఒక చౌక కారును నిర్మింప దలచి, తన ఇంజనీర్లకు ఒక వింత పరీక్ష పెట్టెను. దున్నిన పొలమునకు అడ్డముగా కారును నడపినప్పుడు అందలి బుట్టలోని గ్రుడ్లలో ఒక్కటియు పగులరాదు! ఆ కారు 1948లో ‘దు షెవో’ అను పేర ప్రజలకు చూపబడెను. దాని ముందు చక్రపు స్ప్రింగును వెనుక చక్రపు స్ప్రింగును ఒకే గొట్టములో కలిపి యుంచిరి. ముందు చక్రము గట్టుపై కెక్కగానే వెనుక భాగమునకు ఆ వార్త చేరి, బండి ముక్కు పైకెత్తక మట్టముగా సాగెడిది.

అదే కంపెనీలో పొల్ మజేస్ అనునతడు పనిచేయుచుండెను. ఇంజనీరింగు పట్టములు లేకున్నను ఆతడు స్వయంకృషిచే గొప్ప నిపుణుడయ్యెను. ఉక్కు స్ప్రింగును పూర్తిగా తీసివేసి, దాని స్థానమున నత్రజని వాయువును ఉంచుట ఆతని యూహ. ప్రతి చక్రమునకు లోహపు గోళ మొకటి. గోళమును ఒక రబ్బరు పొర రెండుగా విభజించును. పైన వాయువు, క్రింద నూనె. చక్రము లేచినప్పుడు నూనె పైకి పోయి వాయువును నొక్కును. వాయువు స్ప్రింగువలె పనిచేయును. గోళపు మెడయందలి చిన్న కవాటము నూనెను అడ్డగించి షాక్ అబ్జార్బరు పనిని నిర్వహించును. ఎక్కువమంది ఎక్కి కారు వెనుకకు క్రుంగినచో, ఇంజనుచే నడుపబడు పంపు మరికొంత నూనెను పంపి, దానిని తిరిగి పూర్వపు ఎత్తునకు తెచ్చును. ఈ అమరికతో ‘డి ఎస్’ అను కారు 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనమునకు వచ్చెను.

ఏడేండ్లకు ఆ కారునకు ఎవరును కోరని పరీక్ష యెదురయ్యెను. 1962 ఆగస్టు 22వ తేదీ సాయంకాలము ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ తన భార్యతోను అల్లునితోను డి ఎస్ కారులో విమానాశ్రయమునకు పోవుచుండెను. పారిస్ సమీపమున పెతి క్లమార్ అను చోట పొంచియున్న హంతకులు నూటికి పైగా తూటాలు పేల్చిరి. అద్దములు పగిలెను, టైర్లు చిల్లులుపడెను. వేగముగా పోవు కారునకు టైరు పగిలినచో అది ఒకవైపునకు ఒరిగి పల్టీకొట్టుట సామాన్యము. కాని డ్రైవరు ధైర్యము విడువక వేగము పెంచెను. కారు మట్టము తప్పక, వానికి వశమై ముందునకు దూసికొనిపోయెను. లోపలివారిలో ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. డ్రైవరు సమయస్ఫూర్తితో పాటు ఆ కారు అమరికయు వారిని కాపాడినదని పలువురు వ్రాసియున్నారు.

కుదుపు నణచిననే చాలదు. బండి ఒరగకుండను ఉండవలయును. మలుపు తిరుగునప్పుడు బండి దేహము జడత్వముచేత తిన్నగా పోజూచి, మలుపునకు వెలుపలివైపు ఒరగును. దాని గరిమనాభి ఎంత ఎత్తున నున్న అంత త్వరగా పడిపోవును. దీనికి విరుగుడుగా ఎడమ కుడి చక్రములను ఒక ఉక్కు చువ్వతో కలుపుదురు. ఒకవైపు మాత్రమే అణగినప్పుడు ఆ చువ్వ మెలిపడి, ఒరుగును తగ్గించును. 1997లో స్వీడను దేశపు పత్రిక యొకటి మెర్సిడెస్ వారి క్రొత్త చిన్న కారును పరీక్షించెను. రోడ్డుపై హఠాత్తుగా జింక అడ్డము వచ్చినచో తప్పించుకొను విధముగా దానిని నడపగా అది పల్టీకొట్టెను. కంపెనీవారు అమ్మిన కార్లను వెనుకకు పిలిపించి, స్ప్రింగుల అమరికను మార్చి, జారుచున్న బండిని తెలిసికొని ఒక్కొక్క చక్రమునకు వేరువేరుగా బ్రేకు వేయు విద్యుత్సాధనమును కూడ చేర్చిరి. దోషమును దిద్దుకొనుటవలన ఆ సాధనము చిన్న కార్లలోను వ్యాపించెను.

ఇంకొక చిక్కు మిగిలియుండెను. మెత్తని షాక్ అబ్జార్బరు సుఖమిచ్చును గాని మలుపులలో పట్టు చాలదు. గట్టిది పట్టునిచ్చును గాని కుదిపివేయును. ఒకే నూనె రెండు విధములుగా ఉండునా? ఉండునని నిరూపింపబడినది. సన్నని ఇనుప రజనును నూనెలో కలిపి, దానికి అయస్కాంత శక్తిని సోకించినచో, రేణువులు దారములవలె వరుసగా నిలిచి నూనె చిక్కబడును. ఆ శక్తి తొలగగానే మరల పలుచబడును. ఇట్టి ద్రవమును 1940ల చివరను అమెరికాలో రాబినో అనునతడు కనిపెట్టెను. 2002లో అది కారు షాక్ అబ్జార్బరులలోనికి వచ్చెను. రోడ్డును బట్టి, సెకనులో అతిస్వల్ప భాగములో, నూనె తన గుణమును మార్చుకొనును.

ఇంత నేర్పు గల సాధనములైనను అరగిపోవును. నిలిచియున్న కారు మూలను చేతితో గట్టిగా అణచి విడిచి చూడుడు. ఒకమారు లేచి నిలిచినచో షాక్ అబ్జార్బరు బాగున్నది. పలుమారులు ఊగినచో దానిని మార్చవలసినదే. అట్లే బస్సు టాపుపై మూటలును మనుష్యులును ఎక్కినకొలది గరిమనాభి పైకి పోవును. ఎంత మంచి స్ప్రింగైనను ఆ బరువును మలుపులో నిలుపజాలదు. శాస్త్రజ్ఞులు రెండువందల యేండ్లు శ్రమించి బండిని నేలకు అంటిపెట్టిరి. ఆ శ్రమ వ్యర్థము కాకుండ చూచుకొనుట బండి నడపువారి పని, ఎక్కువారి పని కూడ.