వెదకబోయినవాడు

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున, గ్రీనిచ్‌లోని పాత నౌకాదళ కళాశాల ఎదుట ఎర్ర గ్రానైట్ స్తంభం ఒకటుంది. దానిమీద పెద్ద అక్షరాలతో కనిపించే పేరు బెల్లో. ఆయన ఇంగ్లండువాడు కాదు, ఫ్రాన్స్ నౌకాదళంలో యువ అధికారి. మరి బ్రిటిష్ ప్రజలు చందాలు వేసుకొని ఆయనకెందుకు రాయి నిలబెట్టారు?

1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ రెండు ఓడలతో ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు సముద్రంలో కొత్త దారి కనుగొనడానికి బయలుదేరాడు. ఆ మంచులోకి వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆయన భార్య జేన్ మాత్రం ఆశ వదల్లేదు. వెదకడానికి ఓడలు పంపుతూనే ఉంది. 1851లో అలాంటి ఒక ఓడలో జోసెఫ్ రెనే బెల్లో తనంతట తానుగా చేరాడు. వాటర్లూలో ఈ రెండు దేశాలూ రక్తం చిందించుకొని అప్పటికి 36 ఏళ్లే! అయినా ‘పరాయివాళ్ల కోసం నాకెందుకు?’ అనుకోలేదాయన.

మొదటిసారి ఫ్రాంక్లిన్ దొరకలేదు. 1853లో బెల్లో మళ్లీ వెళ్లాడు. ఆ ఆగస్టులో, అక్కడే వెదుకుతున్న మరో బృందానికి ఉత్తరాలు తీసుకెళ్తూ, ఇద్దరు నావికులతో కలిసి కొట్టుకుపోతున్న మంచుపలకపై చిక్కుకున్నాడు. మంచు ఎటు కదులుతోందో చూసొస్తానని వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు. పగులుకు అవతల ఆయన చేతికర్ర మాత్రం మిగిలింది. ఆ ఇద్దరూ బతికారు. ఆయన వయసు 27.

విషాదమేమిటంటే ఫ్రాంక్లిన్ 1847లోనే చనిపోయాడు. లోకానికి ఆ సంగతి 1859లో దొరికిన ఒక కాగితంతో తెలిసింది. ఓడలైతే 2014, 2016లలో గానీ దొరకలేదు. బెల్లో ప్రాణం పెట్టి వెదికింది అప్పటికే లేని మనిషిని! అయినా ఆ ప్రయాస వ్యర్థమని ఇంగ్లండు అనుకోలేదు.

తప్పిపోయిన గొర్రె ఉపమానం చెప్పేటప్పుడు అది దొరికిన సంతోషం గురించే మేము ఎక్కువగా ప్రసంగిస్తాం. నేనూ అంతే. అయితే మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు ఆ గొర్రె తప్పక దొరుకుతుందని చెప్పలేదు. దొరికితే కాపరి సంతోషిస్తాడన్నాడు. దొరక్కపోవచ్చని తెలిసీ ఆ కాపరి కొండలెక్కాడు.

మన సంఘంలో నెలల తరబడి కనిపించని కుటుంబం ఏదో మీకు తెలుసు. ‘వెళ్లినా వాళ్లు రారులే’ అని మనకు మనమే సర్దిచెప్పుకుంటున్నాం. వస్తారని తెలిస్తేనే వెళ్లేది కాపరితనమా? ఈ వారం వెళ్లి ఆ తలుపు తట్టండి. తెరవకపోవచ్చు. అయినా వెళ్లండి.