నాన్న రక్తం ఎందుకు వద్దంటారు?

పిల్లాడికి రక్తం ఎక్కించాలనగానే మన ఇళ్లలో ఏం జరుగుతుంది? ‘నాది తీసుకోండి’ అంటూ నాన్న, మేనమామ, బాబాయ్ అందరూ ముందుకొచ్చేస్తారు. కానీ జబ్బు ‘అప్లాస్టిక్ ఎనీమియా’ అయితే మాత్రం డాక్టర్లు వాళ్లను ఆపేస్తారు. ఎందుకో తెలుసా?

రక్తకణాలు తయారయ్యేది ఎముకల్లోపలి మూలుగలో. ఈ జబ్బులో ఎక్కువగా మన రోగనిరోధక కణాలే ఆ మూలుగ మీద దాడి చేస్తాయి. దాంతో ఎర్రకణాలు తగ్గి పిల్లలు పాలిపోతారు. తెల్లకణాలు తగ్గి జ్వరాలొస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఒంటిమీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం! ఇది క్యాన్సర్ కాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు.

తీవ్రంగా ఉంటే మొదట చూసేది మూలుగ మార్పిడి. తోబుట్టువులతో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం ఒక్కొక్కరితో 25 శాతమే. కలిసినా చిక్కులుంటాయి. ఒంటికి కొత్త మూలుగ పట్టకపోవచ్చు. లేదా కొత్త కణాలే పిల్లాడి చర్మం, పేగులు, కాలేయం మీద తిరగబడొచ్చు.

తోబుట్టువు కలవకపోతే? గుర్రాల నుంచి తయారుచేసే ఏటీజీ ఇంజెక్షన్, సైక్లోస్పోరిన్ మందు ఇస్తారు. ఫలితం తెలియడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఆలోపు ఇన్‌ఫెక్షన్లతోనే అసలు గండం. తగ్గాక కూడా జబ్బు తిరగబెట్టొచ్చు. కొందరిలో ఏళ్ల తర్వాత బ్లడ్ క్యాన్సర్‌గానూ మారొచ్చు. అందుకే చెకప్‌లు మానకూడదు.

ఇంకోటి... పుట్టుకతో వచ్చే ‘ఫాంకోనీ ఎనీమియా’ కూడా ఇలాగే కనిపిస్తుంది. ఆ పిల్లలు మార్పిడికి ముందిచ్చే మామూలు డోసు కీమోని తట్టుకోలేరు. కాబట్టి ఆ పరీక్ష ముందే చేయించాలి. దాత తోబుట్టువైతే వాళ్లకీ!

ఇప్పుడు నాన్న సంగతి. ఎవరూ కలవనప్పుడు, సగం కలిసే అమ్మానాన్నల కణాలతోనూ మార్పిడి చేస్తున్నారు. కానీ అంతకుముందే నాన్న రక్తం ఎక్కిస్తే, పిల్లాడి ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, రేపు ఆయన మూలుగను తిప్పికొట్టే ప్రమాదం ఉంది.

మరి నాన్న, మేనమామ ఏం చేయాలి? బ్లడ్‌బ్యాంకులో వేరేవాళ్ల కోసం రక్తం ఇవ్వొచ్చు. మీకు 18 దాటాయా? దాత్రి లాంటి మూలకణ దాతల రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోండి. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిస్తే చాలు, శాంపిల్ ఇచ్చినట్టే. ఎక్కడో ఓ పిల్లాడికి కలిసేది మీరే కావొచ్చు!